ఆ బూడిద రంగు పైపు సీసమా, కాదా?

అమ్మలూ,

కొన్న ఇల్లు నీ వయసుకి మూడింతలు పాతదని నువ్వు నవ్వుతూ చెప్పావు గానీ, నాకు ముందు నీళ్ల పైపు గుర్తొచ్చింది. ముప్ఫై ఏళ్లు పైపుల పనిలో ఉన్నవాడి బుద్ధి అటే పోతుంది మరి. అసలు ప్లంబర్ అనే మాటే లాటిన్‌లో సీసానికున్న పేరు ప్లంబం నుంచి వచ్చింది. అంతగా వాడారు దాన్ని. మెత్తగా వంగేది, 327 డిగ్రీలకే కరిగేది, పనివాడికి అంతకన్నా ఏం కావాలి! తాగేవాడి సంగతి తర్వాత తెలిసింది. పసిపిల్లల ఒంటికి పెద్దవాళ్లకన్నా ఎక్కువ పడుతుంది, ఎదిగే మెదడుని దెబ్బతీస్తుంది. నీళ్లలో ఉన్నా రంగు మారదు, వాసన రాదు.

"వంటింట్లో అన్నీ ప్లాస్టిక్ పైపులే బాబాయ్" అన్నావు. సరిగ్గా అక్కడే నేనొకసారి బోల్తా పడ్డాను. ఒకరింట్లో సింకు కింద కొత్త పైపు చూసి, "మీకు సీసం లేదండీ" అని చెప్పి వచ్చేశాను. కొన్నాళ్లకి మెట్ల కింద చెమ్మ దిగుతోందని వాళ్లే పిలిస్తే వెళ్లి అల్మరా వెనక చెక్క ఊడదీశాను. గోడలోంచి వచ్చిన మూరెడు పైపు సీసందే. ఎవరో దాని మూతికి ప్లాస్టిక్ పైపు తగిలించి చేతులు దులుపుకున్నారు. అందుకని కుళాయి దగ్గర చూసి ఏమీ తేల్చకు. నీళ్లు ఇంట్లో అడుగుపెట్టే చోటు వెతుకు: మీటరు, మెయిన్ వాల్వు, మెట్ల కింద, నేలమాళిగ ఉంటే అందులో.

దొరికాక తడిగుడ్డతో తుడిచి, తాళంచెవి అంచుతో మెల్లగా గీకు. రంపం, ఆకురాయి జోలికి మాత్రం పోకు. సీసమైతే సబ్బుబిళ్ల మీద గోరు దిగినట్టు గాడి పడి, లోపల వెండిలా తళుక్కుమంటుంది. అయస్కాంతం పెడితే అంటదు. జీఐ పైపు, అంటే జింకు పూత పూసిన ఇనుప పైపు, కూడా బూడిద రంగే గనక చాలామంది పొరబడతారు, కానీ అది గట్టిది, అయస్కాంతం టక్కున పట్టుకుంటుంది. రాగి అయితే గీత ఎర్రగా తేలుతుంది. గీకడానికి వీల్లేని చోట ఆకారం చూడు. సీసం పైపు మూలల్లో ఎల్బో (మలుపు తిప్పే అతుకు ముక్క) లేకుండా అలా అలవోకగా వంగిపోయి ఉంటుంది, అతుకు దగ్గర గుడ్డు మింగిన పాములా ఉబ్బుతుంది. తట్టితే ఖంగుమనదు, మొద్దుగా మోగుతుంది. పని కాగానే రాలిన పొడి తడిగుడ్డతో ఎత్తేసి, చేతులు సబ్బుతో కడుక్కో.

జీఐ అని తేలినా పూర్తిగా ఊపిరి పీల్చుకోకు. దానికి ముందు ఎప్పుడో సీసం పైపు ఉండి ఉంటే, లోపలి తుప్పు ఆ సీసాన్ని పట్టి ఉంచుకుని అప్పుడప్పుడూ వదులుతుంది. రాగి పైపుల అతుకుల్లో పాత టంకం, పాత ఇత్తడి కుళాయిలు కూడా ఆ కోవలోవే.

ఇక వీధి మెయిన్ నుంచి మీటరు దాకా మట్టిలో ఉన్న ముక్క నీకు కనిపించదు. నీళ్లు సరఫరా చేసేవాళ్లని రాతపూర్వకంగా అడుగు: ఏ లోహం, ఎప్పుడు వేశారు, ఎప్పుడైనా మార్చారా, మారిస్తే మొత్తమా సగమా? సగమే మార్చడం నాకు అస్సలు నచ్చదు. కోసినప్పటి కుదుపుకి మిగిలిన ముక్కలోంచి కొన్నాళ్లపాటు సీసం ఇంకా ఎక్కువ రాలొచ్చు.

ఎంత దిగుతోందో చెప్పేది మాత్రం ల్యాబ్ పరీక్షే. చేతిలో పట్టుకునే టీడీఎస్ మీటర్‌ని నమ్ముకోకు. తాగే నీళ్లలో సీసానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శక విలువ లీటరుకి 10 మైక్రోగ్రాములు, అంటే 0.01 పీపీఎం (పది లక్షల భాగాల్లో ఒక భాగంలో వందో వంతు). ఆ మీటర్ చూపించేది కరిగిన లవణాల మొత్తం లెక్క, అందులో సీసం ఎంతో దానికి తెలియదు. ల్యాబ్ వాళ్లిచ్చిన సీసాల్లో, రాత్రంతా కనీసం 6 గంటలు ఇంట్లో ఏ కుళాయీ తిప్పకుండా, ఫ్లష్ కూడా నొక్కకుండా, పొద్దున్నే మొదటి నీళ్లు పట్టు. ఒక్క సీసాతో ఆపకు. ముప్పావు అంగుళం పైపు 10 మీటర్లు ఉంటే అందులో దాదాపు 2.8 లీటర్లు నిలుస్తాయి. మొదటి లీటరు కుళాయి కథ చెబుతుంది, బయటి పైపులో రాత్రంతా నిలిచిన నీళ్లు ఆ వెనక నాలుగో లీటరులోనో ఐదో లీటరులోనో వస్తాయి. కుళాయి కట్టకుండా వరసగా పట్టి నంబర్లు వెయ్యి.

"ఇన్నేళ్లూ వాడినవాళ్లకి ఏమైంది?" అని మీ ఆయన అంటాడు, నాకు తెలుసు. పైపు లోపల పేరుకున్న పొర కొంత కాపాడుతుంది, నిజమే. కానీ అమెరికాలో ఫ్లింట్ ఊరికి 2014లో నీటి వనరు మార్చి, తుప్పు పట్టకుండా వేయాల్సిన మందు వేయకపోతే, ఆ పొర కరిగి సీసం కుళాయిల్లోకి దిగింది. పైపులు పాతవే, మారింది నీళ్లు.

ఫలితం వచ్చేదాకా తాగడానికీ వంటకీ చన్నీళ్ల కుళాయే వాడు. వేడినీళ్ల కుళాయిలో సీసం ఎక్కువ కరుగుతుంది. పొద్దున్నే కొన్ని నిమిషాలు నీళ్లు వదిలెయ్యి, అవి మొక్కలకి కాకుండా నేల తుడవడానికి పనికొస్తాయి. మరిగిస్తే సీసం పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. పాపకి పాలపొడి కలిపే నీళ్లు మాత్రం సీసం తీసేస్తుందని ధ్రువీకరణ ఉన్న ఫిల్టర్‌వే అయి ఉండాలి. అనుమానం గట్టిపడితే డాక్టరుకి చెప్పి రక్తంలో సీసం పరీక్ష చేయించు.

ముందు ఆ గీకిన చోటు ఫోటో పంపు. పక్కన నాణెం పెట్టి తియ్యి, పైపు లావు తెలుస్తుంది. ఫ్లాష్ మాత్రం వెయ్యకు, ఆ వెలుగులో అన్నీ వెండిలాగే కనిపిస్తాయి.

బాబాయి