దీవెనకు, ఉప్పలపాడు వెళ్లే ముందు

ప్రియమైన దీవెనకు, మీ అత్త ప్రభువు నామమున వ్రాయునది.

నిన్న మీ అమ్మ ఫోన్లో చెప్పింది. డిసెంబరు నుంచి ప్రతి శనివారం తెల్లారకముందే గుంటూరు దగ్గర పక్షులు గూళ్లు కట్టే ఉప్పలపాడు చెరువు దగ్గరికి వెళ్లి ఒంటరిగా కూర్చుని ప్రార్థన చేసుకుంటావట. జనవరిలో సండేస్కూలు పిల్లల్ని కూడా తీసుకెళ్తావట. వదిన గొంతులో సగం ఫిర్యాదు, సగం గర్వం. నాకూ అంతే. రోజంతా ఆఫీసులో లెక్కలు చూసే పిల్ల, గూడబాతుల (పెలికాన్ల) దగ్గర కూర్చుని దేవునికి వందనాలు చెప్పుకుంటానంటే మేనత్త మురిసిపోకుండా ఎలా ఉంటుంది? కానీ "చీకట్లో చెరువు గట్టు" అన్న మాట వినగానే గుండె జారింది. వాట్సాప్‌లో పెడితే బొటనవేలు చూపించి ఊరుకుంటావని ఇలా తీరిగ్గా రాస్తున్నాను. చివరిదాకా చదువు.

నీళ్ల సీసా, టోపీ, నాలుగు బిస్కెట్లు: ఇవి నీకు చెప్పక్కర్లేదు. గేటు ఎన్నింటికి తెరుస్తారో ముందు రోజే కనుక్కో.

పాముల సంగతి మాత్రం చెప్పాలి. ఎలుకలూ కప్పలూ ఉన్నచోటే పాములుంటాయి. మన వైపు చెరువు గట్లు, వరి గట్లు వాటికి కడుపు నింపే చోట్లు. చలికాలం పొద్దున వాటి ఒళ్లు చల్లబడి ఉంటుంది, అలికిడి విన్నా చప్పున తప్పుకోలేవు. అందుకని నీ పాదం ఎక్కడ పడుతోందో కంటికి కనిపించేదాకా గట్టెక్కొద్దు. డిసెంబరులో అక్కడ పొద్దు పొడిచేది ఆరున్నర ప్రాంతంలో. ఆరుంబావుకి రోడ్డు మీద ఉంటే చాలు. చెప్పులు కాదు, బూట్లు. చేతిలో టార్చి, కర్ర. గడ్డి మీద నేరుగా కూర్చోకు. ముందు కర్రతో తట్టి చూసి, తర్వాత ప్లాస్టిక్ చాప పరుచుకో. రక్తపింజర బుస కుక్కర్ ఆవిరి వదిలినంత గట్టిగా ఉంటుంది. అది వినపడితే కదలకుండా ఆగి, ఎక్కడుందో చూసుకుని, వచ్చిన దారినే మెల్లగా వెనక్కి నడువు. కట్లపాము ఆ పాటి హెచ్చరిక కూడా ఇవ్వదు. దాని కాటు చాలాసార్లు చీమ కుట్టినంత కూడా నొప్పి పెట్టదు. అందుకే "ఏదో గుచ్చుకుందిలే" అనుకోవద్దు.

కాటు పడితే గాజులు, ఉంగరం, కాలి పట్టీ వెంటనే తీసెయ్యి, వాపు వచ్చాక అవి రావు. కాటు పడ్డ చెయ్యినో కాలినో కర్రముక్క ఆనించి కదలకుండా ఉంచు. తాడుతో బిగించి కట్టకు, కొయ్యకు, నోటితో పీల్చకు, పసరు పొయ్యనివ్వకు. 108కి ఫోన్ చేసి నేరుగా గుంటూరు పెద్దాసుపత్రికి వెళ్లు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ ఒకే విరుగుడు మందు ఇస్తారు కాబట్టి పామును వెతికి చంపి పట్టుకెళ్లే పని లేదు. ఎవరైనా నూనె రాసి ప్రార్థన చేద్దాం ఆగండంటే, ఆ ప్రార్థనేదో అంబులెన్సులో చెయ్యమను.

నీకు ఈత రాదు. నీళ్ల అంచుకి దిగొద్దు, ఫొటో కోసం అసలు దిగొద్దు. ఇంకేం చెప్పను.

ఇక కూర్చోవడం. చెరువుకి తూర్పు వైపు చోటు చూసుకుని పడమటికి తిరిగి కూర్చో. ఎండ నీ వీపు వైపు నుంచి పక్షుల మీద పడుతుంది, ఈకల రంగులు తెలుస్తాయి. ఎండకు ఎదురు కూర్చుంటే గంటసేపు నల్లటి నీడలే చూస్తావు. ఉపవాస ప్రార్థనకి కట్టుకున్నట్టు తెల్లచీర కట్టుకెళ్లకు, పక్షులకి నువ్వు దూరం నుంచే కొట్టొచ్చినట్టు కనపడతావు. మట్టిరంగో ఆకుపచ్చో వేసుకో. మొదటి ఇరవై నిమిషాలు ప్రార్థన కూడా వద్దు. నువ్వు వచ్చినందుకు బెదిరిన పక్షులు మళ్లీ తమ పనిలో పడడానికి, నీ తలలో ఆఫీసు అణగడానికి ఆ మాత్రం టైము పడుతుంది. ఫోను సైలెంట్‌లో పెట్టి సంచిలో ఉంచు, ఆపెయ్యొద్దు. మీ అమ్మ చేస్తే తియ్యాలిగా. 104వ కీర్తన ఇంట్లోనే రెండుసార్లు చదువుకుని వెళ్లు. చెరువు దగ్గర బైబిలు తెరిస్తే కళ్లు పుటకే అతుక్కుపోతాయి.

ఇంతవరకూ ఎవరైనా చెప్పేదే. ఇప్పుడు నిన్ను తిట్టాలి.

నిరుడు యూత్ మీటింగులో నువ్వు వాక్యం చెప్పిన వీడియో మీ నాన్న మా అందరికీ పంపాడు. నిలబడ్డ తీరు, గొంతు, ధైర్యం అన్నీ బాగున్నాయి, మా పిల్ల అని నలుగురికీ చూపించుకున్నాను. కానీ ఆ పక్షిరాజు కథ చెప్పావు చూడు! నలభై ఏళ్లకి కొండెక్కి, ముక్కు బండకేసి కొట్టుకుని ఊడగొట్టుకుంటుందని, కొత్త ముక్కు మొలిచాక దాంతో గోళ్లు పీక్కుంటుందని, గోళ్లు వచ్చాక ఈకలు పీక్కుంటుందని, ఐదు నెలలకి కొత్త జన్మెత్తి ఇంకో ముప్పై ఏళ్లు బతుకుతుందని. అందరూ ఆమేన్ అన్నారు. అందులో ఒక్క ముక్కా నిజం కాదమ్మా. పక్షి ముక్కు లోపల ఎముక, పైన మన గోరు లాంటి పొర. ఆ పొర బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటుంది, వాడకంలో అరుగుతూనే ఉంటుంది. ముక్కు మొదలంటా ఊడితే గద్ద జాతి పక్షి మాంసం చీల్చుకోలేదు. ఐదు నెలలు ఉపవాసం ఉండి తిరిగి రాదు, ఆకలితో చస్తుంది. ఈకలు వాటంతటవే కొన్నికొన్నిగా రాలి కొత్తవి వస్తాయి, అన్నీ ఒక్కసారి పీక్కుంటే ఎగరేదెలా? అడవిలో నలభై ఏళ్లు బతికే పక్షిరాజే అరుదు.

"అత్తా, పోలికగా చెప్పాను" అంటావు. పోలిక అని నువ్వు చెప్పలేదు, దేవుడు అలా చేశాడని చెప్పావు. ఆయన చెయ్యని పనికి ఆయన్ని స్తుతించమన్నావు. ఆ మీటింగులో ఇంటర్ చదివే పిల్లలున్నారు. వాళ్లలో ఒకడు రాత్రి ఫోన్లో వెతికి అది కట్టుకథ అని తెలుసుకుంటే, ఆ కథతో పాటు నువ్వు చదివిన వచనాన్ని కూడా పక్కన పెట్టేస్తాడు. తప్పు వచనానిది కాదని వాడికి ఎవరు చెప్తారు?

నా బాధంతా ఏమిటంటే, నిజం నీ ఇంటికి పట్టుమని పది కిలోమీటర్ల లోపే ఉంది. పక్షిరాజుల్లా రెక్కలు చాపి పైకెగిరేవాళ్ల గురించి యెషయా 40వ అధ్యాయం చివర్లో ఉన్నది ముక్కు ఊడగొట్టుకోవడం కాదు, యెహోవా కోసం ఎదురుచూడడం. పెద్ద పక్షులు చేసేదీ అదే. గద్దలూ గూడబాతులూ పెద్ద కొంగలూ బరువైనవి. రెక్కలాడిస్తూ ఆకాశానికెక్కాలంటే ఒంట్లో శక్తంతా అయిపోతుంది. అందుకని పొద్దున చాలాసేపు చెట్ల మీదే ఉంటాయి. ఎండ ముదిరి నేల వేడెక్కితే ఆ వేడికి గాలి పైకి లేస్తుంది. అప్పుడు రెక్కలు చాపి ఆ గాలిలోకి వెళ్లి, గుండ్రంగా తిరుగుతూ, రెక్క ఆడించకుండానే చుక్కలంత చిన్నవై కనపడేదాకా ఎక్కిపోతాయి. మబ్బు పట్టిన రోజు ఆ గాలి సరిగా లేవదు, ఆలస్యమవుతుంది, అవి కూర్చునే ఉంటాయి. ఉప్పలపాడులో ఎండకాసిన రోజు తొమ్మిదీ పదీ మధ్య తలెత్తి చూడు. ఏ చెట్టు నుంచి లేచాయి, ఎన్నిసార్లు రెక్క కొట్టాయి, ఎప్పుడు ఆపేశాయి, ఎటు తిరుగుతున్నాయి, అన్నీ రాసుకో. ఏడున్నరకే చాప చుట్టేసి వచ్చేస్తే ఇది చూడలేవు. ఇదంతా నేను చెప్పానని రేపే ఎక్కడా వాక్యంగా చెప్పకు. నీ కళ్లతో చూసి, మూడు నాలుగు వారాలు మనసులో నానాక చెప్పు.

గూడబాతుతో కూడా జాగ్రత్త. ఎవరో ఒకరు నీకు పాత కథ పంపుతారు, అది తన రొమ్ము పొడుచుకుని రక్తంతో పిల్లల్ని బతికిస్తుందని, క్రీస్తుకి గుర్తని. యూరప్‌లో పాత గుడుల అద్దాల మీద ఆ బొమ్మ ఉంటుంది. బొమ్మగా గౌరవించు. చెరువు దగ్గర జరిగేది మాత్రం వేరు. తల్లీ తండ్రీ వంతులవారీగా నెలరోజుల పాటు గుడ్లు పొదుగుతాయి. చేపలు గొంతులో తెచ్చి, ముక్కు కిందికి వంచితే పిల్ల తల మొత్తం ఆ సంచిలో దూర్చి తింటుంది. రొమ్ముకి ఆనిన ఆ ముక్కుని చూసే ఆ కథ పుట్టి ఉంటుందంటారు. మూడు నెలలు దాటేదాకా ఆ పిల్లల కోసం చేపల వేటకి వెళ్లి రావడమే వాటి పని. రక్తం లేకపోతే ఏం, వందనాలు చెప్పడానికి ఇది చాలదా? 102వ కీర్తనలో ఒంటరి గూడబాతు ఉంది, నీ ముందేమో గుంపులు గుంపులుగా గొడవ పెట్టుకుంటూ ఉంటాయి. సరిపోవట్లేదని రాసుకో, బలవంతంగా అతికించకు.

ఇంకో సంగతి. గూడు నుంచి జారిపడ్డ పిల్లలు, చచ్చినవి కూడా కనపడతాయి. చేతిలోకి తీసుకోకు, కాపలావాళ్లకి చెప్పు. ఆ రోజు కూడా పుస్తకంలో ఉన్నదున్నట్టు రాయి. పిచ్చుక నేల పడదని ప్రభువు అనలేదు, తండ్రి సెలవు లేకుండా పడదన్నాడు. చావు కనపడిన రోజు వందనాలు నోటికి రాకపోతే ఊరికే కూర్చో. దానికి ఆయన ఏమీ అనుకోడు.

పుస్తకం అన్నాను కదా, రూళ్లున్న చిన్న నోటుబుక్కు కొను. ఎడమ పేజీలో చూసినవి: టైము, పక్షి, ఎన్ని, ఏం చేస్తోంది. కుడి పేజీలో వందనాలు. ఎడమవైపు పది లైన్లు నిండేదాకా కుడి పేజీలో పెన్ను పెట్టకు. "సమస్తమునకై స్తోత్రం" అని రాస్తే కొట్టెయ్యి. మీ నాన్నమ్మ కోతపండుగకి ధాన్యం బుట్ట పీఠం ముందు పెట్టి ఎలా ప్రార్థన చేసేదో గుర్తుందా? నువ్వు అప్పుడు ఆమె కొంగు పట్టుకుని నిలబడేదానివి, బుట్టలో గుమ్మడికాయని గోరుతో గిల్లుతూ. "తూర్పు మడి వాన దెబ్బకి పడిపోయింది తండ్రీ, ఊరి బావి పక్క మడి మాత్రం నిలబెట్టావు, దూడకి జ్వరం తగ్గించావు" అని ఒక్కొక్కటీ పేరు పెట్టి చెప్పేది. పాస్టరుగారు గడియారం చూసుకుంటున్నా ఆపేది కాదు. పోయినదాన్ని కూడా దాచకుండా చెప్పేది. ఆ రక్తమే నీది. నత్తగుల్ల కొంగ ముక్కు మధ్య సందు చూశావనుకో, "అందమైన కొంగని ఇచ్చినందుకు" అని కాదు. పుట్టినప్పుడు లేని ఆ సందు పెరిగేకొద్దీ ఎలా వచ్చిందో, దానితో నత్తని ఎలా పట్టిందో రాసి, దానికి వందనాలు చెప్పు. ఊరివాళ్ల పేరు కూడా ఒక లైనులో ఉండాలి. వాళ్లు తమ చెరువులో తుమ్మచెట్లు కొట్టకుండా, పక్షుల్ని కొట్టనివ్వకుండా కాపాడారు కాబట్టే నువ్వు అక్కడ కూర్చోగలుగుతున్నావు.

పిల్లల్ని తీసుకెళ్లడం జనవరిలో కాదు, ఫిబ్రవరిలో పెట్టుకో, అప్పటికి నీకు చోటు అలవాటవుతుంది. ఎనిమిది మందికి మించొద్దు, నీతో పాటు ఇంకో పెద్దమనిషి ఉండాలి, తల్లిదండ్రుల అనుమతి రాతపూర్వకంగా తీసుకో. కంజీర, డోలక్ బస్సులోనే ఉంచు. పది అడుగులకొకర్ని కూర్చోబెట్టి పావుగంట చాలు, అంతకు మించి చిన్నపిల్లలు ఆగరు. తర్వాత "ఏం నేర్చుకున్నావు?" అని అడగకు. అలా అడిగితే టీచరుకి ఏం కావాలో అదే చెప్తారు, నువ్వూ అలాగే చెప్పేదానివి. "ఏం చూశావు?" అని అడుగు. ఒకడు కొంగ రెట్ట వేసింది అంటాడు. నవ్వనీ, అది కూడా రాయించు. ఆ రెట్ట చెరువు నీళ్లలో కలిసి ఎరువవుతుందని చెప్పి వదిలెయ్యి.

వచ్చే వారం మీ బాబాయి గుంటూరు వస్తున్నాడు, అతనితో నా బైనాక్యులర్ పంపుతున్నాను. 8×42ది, చేతులు వణక్కుండా చూడ్డానికి అదే బాగుంటుంది. మెడలో పట్టీ వేసుకున్నాకే పెట్టెలోంచి తియ్యి. అద్దాల మీద దుమ్ము పడితే ముందు ఊదు, తర్వాత దాంతో వచ్చిన గుడ్డతోనే తుడువు, చున్నీతో తుడిస్తే గీతలు పడతాయి. సూర్యుడి వైపు తిప్పి చూడొద్దు, పిల్లల చేతికిచ్చేటప్పుడు ఈ ఒక్క మాట ముందు చెప్పు. మొదటి శనివారం బూట్లు వేసుకున్న ఫొటో నాకు పంపాకే బండి తియ్యి.

మీ మేనత్త