బారిటోన్ వంతుకొచ్చిన అబ్బాయికి

చి. కిరణ్‌కు పెదనాన్న ఆశీస్సులు.

కాలేజీలో బార్బర్‌షాప్ క్వార్టెట్‌లో, అంటే వాద్యాలు లేకుండా నలుగురు నాలుగు వేర్వేరు స్వరాల్లో కలిసి పాడే జట్టులో, చేరావని మీ అమ్మ చెప్పింది. బారిటోన్ ఇచ్చారని, అందులో పాటే లేదని సణుగుతున్నావట. పాట, అంటే అసలు వరుస, లీడ్ గొంతుది. పైన టెనర్, అడుగున బాస్. ఆ ముగ్గురూ వదిలేసిన స్వరం నీది. ఒకసారి లీడ్‌కి కింద, ఇంకోసారి పైన గెంతుతూ ఉండాలి. అందుకే దాన్ని విడిగా బట్టీపడితే నిలవదు. ముందు లీడ్ పాట నేర్చుకో. తర్వాత బాస్‌తో నువ్వొక్కడివే, ఆ తర్వాత లీడ్‌తో పాడు. నలుగురూ కలిసేది ఆఖర్న.

చిన్నప్పటినుంచీ కర్ణాటక సంగీతం నేర్చినవాడివి, గమకం తన్నుకొస్తుంది. అదుపులో పెట్టు, ఇక్కడ స్వరం కదలకుండా నిలవాలి. నీ చెవి మాత్రం వృథా పోదు. తంబురా మంద్ర తీగ మీటితే ఎవరూ పాడని అంతర గాంధారం వినబడుతుందే, వీళ్ళు రింగ్ అనేది దానికి చుట్టమే. నాలుగు గొంతుల కంపనాలూ 4:5:6:7 నిష్పత్తిలో కుదిరితే గదిలో ఇంకో పైస్వరం మోగుతుంది. ఆ ఏడో పాలు పియానో మీద దొరకదు, మెట్టు కన్నా కాస్త కిందికి ఉంటుంది. కాబట్టి పిచ్ పైప్‌తో, అంటే ఊదితే శ్రుతి పలికే చిన్న పరికరంతో, శ్రుతి తీసుకో గానీ కీబోర్డు పక్కన పెట్టుకుని సాధన చెయ్యకు. అచ్చులు కూడా కలవాలి. ఒకడు ‘ఆ’ అని, పక్కవాడు ‘ఆ’కీ ‘ఓ’కీ మధ్య అంటే శ్రుతి ఎంత బాగున్నా మోగదు.

చారల కోట్లు, గడ్డి టోపీలు చూసి ఇది తెల్లవాళ్ళ సరదా అనుకునేవు. 19వ శతాబ్దం చివర్లో నల్లజాతివాళ్ళు బార్బర్ షాపుల్లో, వీధి మలుపుల్లో పాడుకున్నదే దీని మూలం. అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌లో జాజ్ విద్వాంసుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ కుర్రతనంలో ఇలాంటి జట్టుతోనే వీధుల్లో పాడాడు. 1938 ఏప్రిల్ 11న టల్సాలో ఓవెన్ క్యాష్, రూపర్ట్ హాల్ పిలిచిన గోష్ఠిలోంచి పుట్టిన బార్బర్‌షాప్ గాయకుల సంఘమేమో 1963 దాకా నల్లవాళ్ళను చేర్చుకోలేదు. ఆడవాళ్ళకు పూర్తి సభ్యత్వం 2018లో. ఆ గోష్ఠి గుర్తుగా ఏటా ఏప్రిల్ 11న జరిగే బార్బర్‌షాప్ పండగకు ఇవన్నీ తెలుసుకుని వెళ్ళు.

సంఘం సమావేశాల్లో నాకైతే వేదిక మీది పోటీ కన్నా రాత్రిపూట హోటల్ వరండాల్లో సాగేదే ముచ్చట. ట్యాగ్, అంటే పాట చివరి ముక్క, ముక్కూమొహం తెలియనివాళ్ళకు చెవిన వేసి అప్పటికప్పుడు పాడించేస్తారు. కాగితం అడగకు. నలుగురు పాడుతుంటే ఐదో గొంతు కలపకు, అది మర్యాద కాదు. పక్కన నిలబడి విని, అయ్యాక “బారిటోన్ నాకు వచ్చు” అను. చోటిస్తారు.

మీ పెదనాన్న