కిడ్నీ మార్పిడి తర్వాత బయాప్సీ చేయాలంటున్నారు, చేయించుకోవచ్చా?

అడిగిన ప్రశ్న ఇది: మార్పిడి జరిగి ఏడాదిన్నర అయింది. ఇన్నాళ్లూ 1.2 దగ్గర నిలకడగా ఉన్న క్రియాటినిన్ (కిడ్నీ వడగట్టి పంపాల్సిన వ్యర్థం, రక్తంలో పెరిగితే కిడ్నీ పని తగ్గినట్టు) ఇప్పుడు 1.7కి చేరింది. ఒంట్లో ఏ బాధా లేదు. డాక్టరు బయాప్సీ, అంటే సూదితో కిడ్నీ నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించడం, చేద్దామంటున్నారు. పనిచేసే ఆ ఒక్క కిడ్నీకి సూది గుచ్చడం ప్రమాదం కాదా, ముందు మందులు మార్చి చూడకూడదా అని.

రెండో సందేహం దగ్గరే అసలు విషయం ఉంది. మందులు మార్చొచ్చు, సరే. కానీ పెంచాలా, తగ్గించాలా? రిజెక్షన్ అయితే, అంటే ఒళ్లు కొత్త కిడ్నీని పరాయిదనుకుని దాడి చేస్తుంటే, రోగనిరోధక శక్తిని అణిచే మందులు పెంచాలి. రోగనిరోధక శక్తి తగ్గినప్పుడు విజృంభించే బీకే వైరస్ కిడ్నీలో చేరి ఉంటే అవే మందులు తగ్గించాలి. ఆ అణిచే మందుల్లో ఒకటైన టాక్రోలిమస్ ఎక్కువై కిడ్నీని దెబ్బతీస్తుంటే దాని డోసు తగ్గించాలి. మొదటి కిడ్నీలను పాడుచేసిన జబ్బే, అంటే ఐజీఏ నెఫ్రోపతీ, ఎఫ్‌ఎస్‌జీఎస్ లాంటి కిడ్నీ వడపోతను దెబ్బతీసే జబ్బు, కొత్త కిడ్నీలో మళ్లీ తలెత్తితే ఆ వైద్యం వేరు. ఈ నాలుగింటిలోనూ మామూలు రక్తపరీక్షలో కనిపించేది ఒకటే, క్రియాటినిన్ పెరగడం. రిజెక్షన్, బీకే వైరస్ అయితే మైక్రోస్కోపు కింద కూడా ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. వైరస్‌ను పట్టిచ్చే ఎస్‌వీ40 అనే ప్రత్యేక పరీక్ష బయాప్సీలో తీసిన ముక్క మీదే చేస్తే గానీ తేడా తేలదు. వైరస్ ఉన్నవారికి రిజెక్షన్ అనుకుని పెద్ద డోసులో స్టెరాయిడ్ ఎక్కిస్తే వైరస్‌కి ఎదురు లేకుండా చేసినట్టే. గుడ్డిగా మందులు మార్చడం సూదికంటే ప్రమాదం అనేది ఇందుకే.

ఒంట్లో బాధ లేకపోవడాన్ని నమ్ముకోకండి. జ్వరం, కిడ్నీ మీద నొప్పి, మూత్రం తగ్గడం అనే రిజెక్షన్ లక్షణాలు టాక్రోలిమస్ వాడేవారిలో చాలాసార్లు కనిపించనే కనిపించవు. ముందు కదిలేది అంకె మాత్రమే. సొంత నిలకడ స్థాయి కంటే 20 నుంచి 25 శాతం పెరిగితేనే కారణం వెతకడం మొదలుపెడతారు. మీది 40 శాతం దాటింది.

అయితే సూదికి ముందు ఒకటి రెండు రోజుల్లో తేల్చుకోవలసినవి కొన్ని ఉన్నాయి. మొదట క్రియాటినిన్ మళ్లీ చేయించాలి. విరేచనాలు, వాంతులు, ఎండదెబ్బ, నీళ్లు సరిగా తాగకపోవడం ఏవైనా ఉన్నాయేమో చెప్పాలి. ఒంటినొప్పులకని ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి మాత్ర వేసుకుని ఉంటే దాచకుండా చెప్పాలి. ఈ మధ్య వేరే డాక్టరు క్లారిత్రోమైసిన్, ఫ్లూకొనజోల్, డిల్టియజెమ్ రాశారేమో చూడాలి, ఇవి టాక్రోలిమస్‌ను రక్తంలో అమాంతం పెంచుతాయి. కో-ట్రైమోక్సజోల్ అయితే కిడ్నీ బాగానే ఉన్నా క్రియాటినిన్ అంకెను కాస్త పైకి నెట్టగలదు. మూత్రం కల్చర్, రక్తంలో బీకే వైరస్ పీసీఆర్, దాతకు వ్యతిరేకంగా యాంటీబాడీలు ఉన్నాయేమో చూసే పరీక్ష పంపుతారు. డాప్లర్ స్కాన్‌లో మూత్రనాళం మూసుకుపోయి కిడ్నీ ఉబ్బిందా, రక్తనాళం సన్నబడిందా చూస్తారు. ఇక్కడే కారణం దొరికితే, దాన్ని సరిచేయగానే అంకె దిగితే, బయాప్సీ అక్కర్లేకపోవచ్చు.

టాక్రోలిమస్ లెవెల్ గురించి ఒక్క మాట. ఎక్కువగా పొరపాటు జరిగేది ఇక్కడే. రోజుకు రెండుసార్లు వేసుకునే రకమైతే ముందురోజు రాత్రి మాత్రకు 12 గంటల తర్వాత, పొద్దుటి మాత్రకు ముందు రక్తం ఇవ్వాలి. మాత్ర మింగేసి వెళ్లి ఇస్తే లెవెల్ లేనిపోని ఎక్కువ చూపిస్తుంది. అది చూసి డోసు తగ్గిస్తే నిజంగా కావలసిన మందు అందక రిజెక్షన్‌కి దారి ఏర్పడుతుంది. మాత్ర వెంట తీసుకెళ్లి, రక్తం ఇచ్చాక మింగండి. తప్పు వేళకి ఇచ్చి ఉంటే ఆ మాట చెప్పేయండి, మళ్లీ తీస్తారు.

ఇక సిద్ధపడటం. బయాప్సీలో అసలు భయం రక్తస్రావమే, కాబట్టి ఏర్పాట్లన్నీ దాని చుట్టూనే ఉంటాయి. ప్లేట్‌లెట్లు, హిమోగ్లోబిన్, ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంత ఆలస్యమవుతోందో చెప్పే అంకె), బ్లడ్ గ్రూపు చూస్తారు. ప్లేట్‌లెట్లు లక్షకు పైన, ఐఎన్‌ఆర్ 1.5 లోపు ఉంటే నిశ్చింత. రక్తం పలచన చేసే మందుల్లో క్లోపిడోగ్రెల్ సాధారణంగా 5 నుంచి 7 రోజుల ముందు ఆపుతారు. వార్ఫరిన్ దాదాపు 5 రోజుల ముందు ఆపి, ఐఎన్‌ఆర్ దిగిందో లేదో చూసుకుంటారు. అపిక్సబాన్ లాంటివి 2 నుంచి 3 రోజులు, కిడ్నీ పని తగ్గి ఉంటే ఇంకాస్త ముందు. ఆస్పిరిన్ విషయంలో ఒక్కో ఆసుపత్రిది ఒక్కో పద్ధతి, అత్యవసరమైతే ఆస్పిరిన్ మీద ఉండగానే చేసేస్తారు. గుండెలో స్టెంట్ ఉన్నవారు, కృత్రిమ కవాటం ఉన్నవారు వీటిలో ఏదీ తమంతట తాము ఆపకూడదు. గుండె డాక్టరు, కిడ్నీ డాక్టరు మాట్లాడుకుని తేల్చాలి. చేపనూనె క్యాప్సూళ్లు, మూలికా మందులు వాడుతుంటే వాటి పేర్లూ చెప్పాలి.

రక్తం పలచన చేసే మందులు ఆపమన్నారని మాత్రల డబ్బా మొత్తం పక్కన పెట్టేసేవారున్నారు. అలా చేయకండి. రిజెక్షన్ రాకుండా కాపాడే టాక్రోలిమస్, మైకోఫినోలేట్, ప్రెడ్నిసొలోన్ ఒక్క పూట కూడా మానకూడదు. బీపీ మాత్ర కూడా బయాప్సీ రోజు పొద్దున గుక్కెడు నీళ్లతో వేసుకోవాలి. బీపీ పైన అంకె 160 దాటి ఉంటే చాలాచోట్ల సూది వేయరు, తగ్గేదాకా ఆగుతారు. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా వాయిదా వేస్తారు. షుగర్ ఉన్నవారు కొన్ని గంటలు తినకుండా ఉండమంటే ఇన్సులిన్ ఎంత తగ్గించాలో ముందురోజే అడిగి పెట్టుకోవాలి.

సూది వేసేటప్పుడు ఏం జరుగుతుందో చూద్దాం. కొత్త కిడ్నీ వీపు వైపు ఉండదు. పొత్తికడుపులో, గజ్జకు కాస్త పైన, చర్మానికి కొద్ది సెంటీమీటర్ల లోతులోనే ఉంటుంది. అందుకే బోర్లా పడుకోనక్కర్లేదు, వెల్లకిలా పడుకుంటే చాలు. సొంత కిడ్నీలా ఊపిరితో పాటు పైకీ కిందికీ పెద్దగా కదలదు కాబట్టి ఊపిరి బిగబట్టే పని కూడా సాధారణంగా ఉండదు. మూత్రానికి వెళ్లొచ్చాక స్కాన్‌లో పేగులు, పెద్ద రక్తనాళాలు అడ్డురాని దారి చూసి చర్మం మీద పెన్నుతో గుర్తు పెడతారు. అక్కడ శుభ్రం చేసి మొద్దుబార్చే లిగ్నోకెయిన్ ఇంజెక్షన్ ఇస్తారు. అది ఎక్కేటప్పుడు కొన్ని సెకన్లు మంట పుడుతుంది. మొత్తంలో ఎక్కువ నొప్పి ఆ కాసేపే. రెండు మూడు నిమిషాలు ఆగి, తిమ్మిరి పట్టాక రెండు మూడు మిల్లీమీటర్ల గాటు పెట్టి సూది దించుతారు. లోపల పొడిచినట్టు అనిపిస్తే వెంటనే నోటితో చెప్పండి, కదలకండి. ఇంకొంచెం మందు వేస్తారు.

సూది 16 లేదా 18 గేజ్‌ది, అంకె పెరిగేకొద్దీ సూది సన్నం. వెనక స్ప్రింగు ఉన్న పరికరం ఉంటుంది. మీట నొక్కగానే స్టేప్లర్ కొట్టినట్టు గట్టిగా ‘టక్’ మంటుంది. నొప్పికంటే ఆ చప్పుడుకే మనిషి ఉలిక్కిపడతాడు. అందుకే మంచి డాక్టర్లు ముందే గాల్లో ఒకసారి కొట్టి వినిపిస్తారు. మీ డాక్టరు అలా చేయకపోతే అడిగి వినండి. సూదితో బయటికొచ్చేది ఒకటి రెండు సెంటీమీటర్ల పొడవున్న లేత గులాబీ రంగు పోగు, దారం ముక్కలా ఉంటుంది. దాన్ని సెలైన్‌లో వేసి లెన్స్ కింద చూస్తే చిన్న చిన్న ఎర్రటి చుక్కలు కనిపిస్తాయి. అవే గ్లామెరులస్‌లు, రక్తాన్ని వడగట్టే జల్లెళ్లు. చుక్కలు కనిపించకపోతే సూది లోపలి భాగంలోకి వెళ్లిందనో, కొవ్వు వచ్చిందనో అర్థం, ఇంకో పోగు తీయాలి. మామూలుగా రెండు పోగులు తీస్తారు. పది గ్లామెరులస్‌లు, రెండు ధమనులు దొరికితే నమూనా సరిపోయినట్టు లెక్క. ఏడు, ఒకటి ఉంటే సరిపోయీ సరిపోనట్టు. అంతకంటే తక్కువైతే ఆ రిపోర్టు మీద గట్టిగా ఏదీ చెప్పలేరు. రెండోసారి, మూడోసారి సూది వేస్తున్నారంటే ఏదో తప్పు జరిగిందని కంగారుపడవద్దు. చాలీచాలని ముక్కతో తిరిగొచ్చి మరో వారం మళ్లీ బల్ల ఎక్కడం కంటే అది మేలు.

ఒక కిడ్నీలో సుమారు పది లక్షల గ్లామెరులస్‌లు ఉంటాయి. తీసేది ఓ ఇరవై ముప్పై. ముక్క తీయడం వల్ల కిడ్నీ పని తగ్గదు.

తర్వాతి గంటలే ముఖ్యం. గాటు మీద ఐదు పది నిమిషాలు గట్టిగా అదిమిపట్టి, నాలుగు నుంచి ఆరు గంటలు వెల్లకిలా పడుకోబెడతారు. మొదటి గంటలో 15 నిమిషాలకోసారి, ఆ తర్వాత ఇంకొంచెం ఎడంగా బీపీ, నాడి చూస్తారు. మూత్రం కూడా పడుకునే పోయాలి, ఇది చాలామందికి కష్టం. ఆ పరిస్థితి వస్తుందని తెలుసు కాబట్టి పాత్ర ఎలా వాడాలో ముందే నర్సును అడిగి ఉంచుకోండి. ప్రతిసారి పోసిన మూత్రం నుంచి కొంచెం పారదర్శకమైన సీసాల్లో పట్టి వరసగా పెట్టమనండి. మొదటిది గులాబీ రంగులో ఉండి, రెండోది పలచబడి, మూడోది మామూలు పసుపుకి తిరిగితే రక్తం ఆగుతోందని కంటికే తెలుస్తుంది. రంగు ముదురుతూ పోతుంటే ఆ సీసాలే చెబుతాయి, మాటల్లో వివరించక్కర్లేదు.

మూత్రంలో కంటికి కనిపించేంత రక్తం నూటికి సుమారు ముగ్గురు నుంచి ఐదుగురిలో వస్తుంది, ఎక్కువమందిలో ఒకటి రెండు రోజుల్లో దానంతటదే ఆగుతుంది. రక్తం ఎక్కించవలసి రావడం అంతకంటే అరుదు. కిడ్నీనే పోగొట్టుకోవడం అత్యంత అరుదు. అయినా తేడా వస్తే ఎలా వస్తుందో తెలిసి ఉండాలి. మూత్రంలో రక్తపు గడ్డలు పడి, ఉన్నట్టుండి మూత్రం ఆగిపోయి పొత్తికడుపు బిగిస్తే గడ్డ దారికి అడ్డుపడిందని అర్థం. కాథెటర్ అనే గొట్టం వేసి మూత్రాశయాన్ని కడగాలి. నొప్పి పెరుగుతూ, నాడి వేగంగా కొట్టుకుంటూ, బీపీ పడిపోతుంటే లోపల రక్తం కారుతోందని అనుమానించాలి. దీనికి తిరగబడిన రకం ఒకటుంది. కిడ్నీ పైపొర కింద రక్తం గడ్డకట్టి కిడ్నీని నొక్కేస్తే బీపీ పడిపోదు, పెరుగుతుంది, మూత్రం తగ్గుతుంది. ఇవేవైనా కనిపిస్తే వెంటనే స్కాన్ చేస్తారు. రక్తం కారే నాళాన్ని తొడలోంచో మణికట్టులోంచో సన్నని గొట్టం పంపి మూసేసే వీలుంది. ధమనికీ సిరకీ మధ్య చిన్న దారి ఏర్పడటం కూడా ఉంది, ఎక్కువ శాతం కొన్ని నెలల్లో దానంతటదే మూసుకుపోతుంది.

రక్తస్రావం చాలావరకు మొదటి 24 గంటల్లోనే బయటపడుతుంది, కానీ కొద్దిమందిలో రోజుల తర్వాత కూడా రావచ్చు. అందుకే ఇంటికెళ్లాక ఒకటి రెండు వారాలు బరువులెత్తడం, పరిగెత్తడం, పొట్ట మీద ఒత్తిడి పడే వ్యాయామం వద్దు. మలబద్ధకం ఉంటే ముక్కకుండా మెత్తబరిచే మందు అడగండి. నొప్పికి పారాసెటమాల్ ఒక్కటే. ఆపిన మందు మళ్లీ ఏ రోజు మొదలుపెట్టాలో కాగితం మీద రాయించుకోండి. ఆ తేదీ మరిచిపోయి స్టెంట్ మూసుకుపోయే ప్రమాదం కూడా చిన్నది కాదు.

రిపోర్టు తొందరగా కావాలంటే ప్రాథమిక మాట ఒకటి రెండు రోజుల్లో చెబుతారు, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ఫలితానికి ఇంకా రోజులు పడుతుంది. అందులో బాన్ఫ్ అనే పేరు కనిపిస్తుంది. 1991లో కెనడాలోని బాన్ఫ్‌లో జరిగిన సమావేశం నుంచి వచ్చిన పద్ధతి అది. ఒక్కో మార్పుకి 0 నుంచి 3 దాకా అంకె ఇస్తారు. ఐ, టీ అంకెలు కిడ్నీ కణజాలంలోకీ గొట్టాల్లోకీ చేరిన వాపు కణాలవి. వీ అంటే ధమనుల్లో వాపు, అది సున్నా కాకపోతే రిజెక్షన్ బలమైనదన్నమాట. జీ, పీటీసీ, సీ4డీ యాంటీబాడీల వల్ల జరిగే దాడికి గుర్తులు. సీఐ, సీటీ మాత్రం మచ్చల లెక్క, వెనక్కి రాని నష్టం. రిపోర్టు చేతికి రాగానే డాక్టరును అడగవలసిందల్లా ఇందులో వాపు ఎంత, మచ్చ ఎంత అని. వాపుకి మందుంది, మచ్చకి లేదు. నెలల తరబడి ఆగి చేయించిన బయాప్సీల్లో మచ్చల అంకెలే పెద్దవిగా కనిపిస్తాయి.

రోగనిరోధక కణాల వల్ల వచ్చే మామూలు రిజెక్షన్ అయితే మూడు రోజులు మిథైల్ ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్, రోజుకు ఎక్కువగా 500 మిల్లీగ్రాముల చొప్పున సెలైన్‌లో ఎక్కిస్తారు. ఆ రోజుల్లో షుగర్ బాగా పెరుగుతుంది, నిద్ర పట్టదు. దానికి లొంగకపోతే ఏటీజీ, అంటే దాడి చేసే కణాలను తగ్గించే బలమైన ఇంజెక్షన్. యాంటీబాడీల రకమైతే ప్లాస్మా మార్పిడి, ఐవీఐజీ (దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీల ఇంజెక్షన్) లాంటివి ఆలోచిస్తారు. అనుమానం బలంగా ఉంటే రిపోర్టు రాకముందే మొదటి స్టెరాయిడ్ డోసు ఇవ్వడం కూడా మామూలే. ఇంటికొచ్చేటప్పుడు రిపోర్టు నకలుతో పాటు ల్యాబ్ వారిచ్చిన బయాప్సీ నంబరు కూడా రాసుకోండి. మైనపు దిమ్మెలో ఆ ముక్క భద్రంగా ఉంటుంది. రేపు రెండో అభిప్రాయం కావాలన్నా, మరో బయాప్సీతో పోల్చాలన్నా ఆ నంబరుతోనే స్లైడ్లు తెప్పిస్తారు.