డాక్టర్ సలహా: కట్టు మణికట్టుకే, వేళ్లకు కాదు

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. మూడు వారాల కిందట ఇంటిల్లిపాదీ సైకిళ్ల మీద వెళుతుంటే, ముందున్న మా పాప (8 ఏళ్లు) ఒక్కసారిగా నా దారికి అడ్డం తిరిగింది. తనకు తగలకూడదని ముందు బ్రేకు గట్టిగా నొక్కేసి, హ్యాండిల్ మీదుగా ఎగిరి ఎడమ చెయ్యి ఆనించి పడ్డాను. మణికట్టు దగ్గర ఎముక విరిగింది. ఆపరేషన్ అక్కర్లేదని సిమెంట్ కట్టు వేశారు. హెల్మెట్ ఉన్నా తల రోడ్డుకు తగిలింది, స్కాన్ మాత్రం నార్మల్ అన్నారు. ఇప్పుడు వేళ్లు ఉబ్బి బిగుసుకుపోయాయి. కాసేపు ఫోన్ చూస్తే తలనొప్పి. రాత్రి కళ్లు మూస్తే పడిన క్షణమే కనిపిస్తోంది. ఆ రోజు పాప కూడా పడింది, హ్యాండిల్ పొట్టకు గుచ్చుకుని కమిలింది కానీ తగ్గిపోయింది. 'నా వల్లే కదమ్మా' అంటూ సైకిల్ ముట్టుకోవడమే మానేసింది. నేను పూర్తిగా ఎప్పటికి కోలుకుంటాను? మళ్లీ సైకిల్ తొక్కొచ్చా?
- ఒక పాఠకురాలు

జవాబు: తొక్కొచ్చు. ముందు ఆ మాట చెప్పేస్తే మీకు సగం టెన్షన్ తగ్గుతుందని మొదటే చెబుతున్నాను. కాకపోతే ఇప్పుడే కాదు.

అన్నిటికన్నా మీ వేళ్ల గురించి నాకు కంగారుగా ఉంది. చెయ్యి ఆనించి పడినప్పుడు మణికట్టు విరగడం చాలా మామూలు, పెద్దవాళ్లలో కట్టు సుమారు ఆరు వారాలు ఉంటుంది, ఎముక తన పని తాను చేసుకుపోతుంది. కానీ కదిలిస్తే ఎముక పక్కకు పోతుందేమోనన్న భయంతో చాలామంది వేళ్లను కూడా కదపకుండా, చేతిని రోజంతా మెడకు వేలాడదీసుకుని కూర్చుంటారు. కట్టు తీసే రోజుకి ఎముక అతికి ఉంటుంది, చెయ్యి మాత్రం పిడికిలి పట్టనివ్వదు, భుజం కూడా పైకి లేవదు. విరిగిన ఎముక కన్నా ఈ బిగుసుకుపోవడమే ఎక్కువ నెలలు బాధపెట్టడం నేను ఎన్నోసార్లు చూశాను. మీ విషయంలో అలా జరగకూడదు, ఇంకా టైమ్ ఉంది.

మీ డాక్టర్ వద్దని ప్రత్యేకంగా చెప్పి ఉండకపోతే ఈ రోజు నుంచే మొదలుపెట్టండి. మెలకువగా ఉన్నంతసేపూ గంటకోసారి వేళ్లు పూర్తిగా ముడవండి, పూర్తిగా చాపండి, దూరందూరంగా విడదీయండి, బొటనవేలితో మిగతా నాలుగు వేళ్ల కొసలూ ఒక్కొక్కటిగా తాకండి. ఇలా పదేసి సార్లు. పూర్తిగా ముడుచుకోకపోతే మంచి చేత్తో మెల్లగా సాయం పట్టండి, కాస్త లాగినట్టు ఉండటం తప్పు కాదు. మోచేతిని, భుజాన్ని కూడా ఆడించండి, రోజుకు నాలుగైదు సార్లు చేతిని తలపైకి ఎత్తండి. కూర్చున్నప్పుడు, పడుకున్నప్పుడు చెయ్యి గుండె కన్నా ఎత్తులో ఉండేలా దిండ్లు పెట్టుకుంటే వాపు దిగుతుంది. ఆ చేతికి ఉంగరం ఉంటే తీసెయ్యండి, రాకపోతే కత్తిరించి అయినా తీయించండి. బరువులు మాత్రం వద్దు, ఆ చెయ్యి ఆనించి లేవడం కూడా వద్దు. దురద పుడుతోందని కట్టు లోపలికి పుల్లలూ స్కేళ్లూ దూర్చొద్దు, లోపల పడిన గాటు ఎవరికీ కనపడకుండా చీము పడుతుంది.

ఇంతకు ముందు లేని విపరీతమైన నొప్పి వచ్చినా, వేళ్లు నీలంగానో తెల్లగానో మారి చల్లబడినా, తిమ్మిరెక్కి స్పర్శ తెలియకపోయినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి. కట్టు బిగుతైపోయి ఉండొచ్చు, నరం నలుగుతూ ఉండొచ్చు, వెంటనే వెళ్లి చూపించుకోవాలి. చెయ్యంతా మంటలాగా ఉండి చర్మం రంగు మారుతూ, నునుపెక్కి, విపరీతంగా చెమట పడుతున్నా చెప్పాలి, అది మొదట్లోనే పట్టుకుంటే లొంగే సమస్య. ఇంకొకటి, ఇది చాలామందికి తెలియదు: ఎముక పెద్దగా పక్కకు జరగని కేసుల్లో కూడా, కొన్ని వారాల తర్వాత బొటనవేలిని పైకి లేపే స్నాయువు (కండరాన్ని ఎముకకు కలిపే తాడు లాంటిది) తెగిపోయే అవకాశం కొద్దిగా ఉంటుంది. నిన్నటిదాకా లేచిన బొటనవేలు ఈ రోజు లేవట్లేదంటే బద్ధకం అనుకోకండి, చూపించుకోండి. అలాగే, ఎముక ఉన్న చోటే ఉందో లేదో చూడటానికి మొదటి రెండు మూడు వారాల్లో ఎక్స్‌రే మళ్లీ తీస్తారు, మీకు తీయకపోతే అడగండి.

తల సంగతికొస్తే, స్కాన్ నార్మల్ అంటే లోపల రక్తస్రావం కనపడలేదని అర్థం. మెదడు అదరలేదని కాదు. ఆ అదురునే కంకషన్ అంటాం, అది స్కాన్‌లో కనపడదు. పెద్దవాళ్లలో ఎక్కువమందికి రెండు వారాల నుంచి నెల లోపు సర్దుకుంటుంది. మూడు వారాలైనా ఫోన్ చూడగానే నొప్పి వస్తోందంటే ఓర్చుకుంటూ ఇంట్లో కూర్చోకుండా ఈ వారంలోనే ఒకసారి డాక్టర్‌కి చూపించండి. మెడ కండరాలు పట్టేసినా తలనొప్పి ఇలాగే ఉంటుంది, దాన్నీ చూస్తారు. ఈలోపు చీకటి గదిలో రోజంతా పడుకోకండి, మొదటి ఒకటి రెండు రోజులు దాటాక దానివల్ల లాభం లేదు. నొప్పి పెరగనంత మేర నడవండి, ఫోన్ కొద్ది నిమిషాలు చూసి పక్కన పెట్టండి, నిద్ర వేళ తప్పనివ్వకండి. తలనొప్పి మాత్రలు రోజూ వేసుకుంటూ పోవద్దు, కొన్నాళ్లకు ఆ మాత్రలే తలనొప్పిని నిలబెడతాయి. తలనొప్పి రోజురోజుకీ పెరుగుతున్నా, పదేపదే వాంతులైనా, మత్తుగా ఉన్నా, మాట తడబడినా, ఒక పక్క బలం తగ్గినా, ఫిట్స్ వచ్చినా ఎమర్జెన్సీకి వెళ్లాలి, దెబ్బ తగిలి మూడు వారాలైంది కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. తల లోపల రక్తం మెల్లగా చేరి వారాల తర్వాత బయటపడటం ఉంది, ముఖ్యంగా రక్తం పలచబడే మందులు వాడేవాళ్లలో.

పాప పొట్ట గురించి మీరు ఒక్క ముక్కలో రాశారు, నేను అంత తేలిగ్గా వదలలేను. సైకిల్ హ్యాండిల్ కొస చిన్నదైనా దెబ్బంతా ఒకేచోట పడుతుంది కాబట్టి పైకి చిన్న కమిలిన మచ్చే ఉండి, లోపల కాలేయం, ప్లీహం (స్ప్లీన్), క్లోమం (పాంక్రియాస్), పేగులు దెబ్బతిన్న పిల్లలు ఉంటారు, క్లోమం దెబ్బ అయితే ఆలస్యంగా బయటపడొచ్చు కూడా. మూడు వారాలుగా బాగా తిని ఆడుకుంటోందంటే మంచి సూచనే. కానీ కడుపునొప్పి, వాంతులు, తిండి మీద అయిష్టం, కడుపు ఉబ్బరం, జ్వరం లాంటివి ఏం కనిపించినా తీసుకెళ్లండి, హ్యాండిల్ గుచ్చుకున్న సంగతి డాక్టర్‌కి మీరే చెప్పండి, అడిగేదాకా ఆగొద్దు.

ఇక ఆ 'నా వల్లే కదమ్మా'. అమ్మా, ఆ మాటకు జవాబు మీ నోటి నుంచే రావాలి. 'ఏం కాదులే' అని తోసేస్తే పిల్లలు లోపల దాచుకుంటారు. పక్కన కూర్చోబెట్టుకుని జరిగింది జరిగినట్టు చెప్పండి: నువ్వు తిరిగావు, నేను ముందు బ్రేకు గట్టిగా పట్టేశాను, మన మధ్య దూరం తక్కువుంది, దూరం చూసుకోవాల్సింది పెద్దదాన్ని నేను. తనకో పని కూడా ఇవ్వండి. గంటకోసారి మీ వేళ్ల వ్యాయామం లెక్కపెట్టే పని పాపకు అప్పగిస్తే, అమ్మ చెయ్యి తన కళ్లముందే బాగవ్వడం చూస్తుంది, ఏ మందూ ఇవ్వలేని ధైర్యం అది. రాత్రి మీకు పడిన క్షణం కనిపించడం ప్రమాదం జరిగిన కొత్తలో సహజం, మామూలుగా వారాల్లో పలచబడుతుంది. మీకు గానీ పాపకు గానీ నెల దాటినా తగ్గకపోతే, నిద్ర పట్టకపోతే, కౌన్సెలింగ్‌కి వెళ్లడానికి మొహమాటపడకండి.

ఎప్పటికి అని అడిగారు. కట్టు తీశాక చెయ్యి సన్నబడి, చర్మం పొలుసులు రేగి, మణికట్టు కదలక మొదటి రోజు ఏడుపొస్తుంది. అది సహజం, ఫిజియోథెరపీ ఆ వారంలోనే మొదలుపెట్టండి. రోజువారీ పనులు మెల్లగా చేతికొస్తాయి, పట్టు బలం రావడానికి మూడు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది, చివరి కాస్త బిగుతు పోవడానికి ఏడాది కూడా పట్టొచ్చు. సిగరెట్ అలవాటు ఉంటే ఎముక అతకడం ఆలస్యమవుతుంది, షుగర్ ఉంటే అదుపులో పెట్టుకోండి.

సైకిల్‌కి నేను తేదీ ఇవ్వను. తలనొప్పి పూర్తిగా పోవాలి, డాక్టర్ ఎక్స్‌రే చూసి సరేననాలి, గోడకు, తర్వాత బల్లకు అరచేతులు ఆనించి బరువు వేస్తే నొప్పి ఉండకూడదు. పడినప్పటి హెల్మెట్ పైకి బాగానే కనిపించినా పారేసి కొత్తది కొనండి, లోపలి థర్మాకోల్ లాంటి పొర ఒక్క దెబ్బకే నలిగిపోతుంది. సైకిల్ ముందు ఫోర్కు, హ్యాండిల్ మెకానిక్‌తో చూపించండి. అన్నీ అయ్యాక పాపను సైకిల్ కదలకుండా పట్టుకోమని, మీరు ఎక్కి ఎడమ చేత్తో బ్రేకు పూర్తిగా నొక్కండి, వదలండి, ఇరవై సార్లు. చెయ్యి నొప్పెడితే దిగి ఇంకో వారం ఆగండి.