ప్రొఫెషనల్ అసోసియేషన్ ఆడిట్ రిపోర్టులో నోట్సు చదవడం దండగేనా?

మీరు అడిగింది ఇది: అమెరికాలో మీరు ఏటా డ్యూస్ (సభ్యత్వ రుసుము) కట్టే వృత్తి సంఘం ఈసారి ఆడిట్ రిపోర్టు పంపింది. అసోసియేషన్‌వీ దాని ఫౌండేషన్‌వీ కలిపి లెక్కలు, వెనక ఆ లెక్కలకు వివరణగా పేజీలకు పేజీలు నోట్సు. అవన్నీ చదవాలా అని.

చదవాలి. నన్నడిగితే ముందున్న నాలుగు పేజీలే దండగ. ఇలాంటి సంఘం ఒకదాంట్లో అకౌంట్స్ చూసినవాణ్ణి, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నా.

మొదటి నోటులో సంస్థ ఆశయాలూ, చరిత్రా ఉంటాయి. ఏటా అదే కాపీ. అందులో ఒక్క ముక్క చూసి దాటేయండి: అమెరికా పన్ను చట్టం ప్రకారం అసోసియేషన్ 501(సి)(6), అంటే వృత్తి సంఘం; ఫౌండేషన్ 501(సి)(3), అంటే సేవాసంస్థ. ఫౌండేషన్‌కి ఇచ్చింది విరాళం, పన్ను రాయితీకి పనికొస్తుంది. అసోసియేషన్‌కి కట్టే డ్యూస్ విరాళం కాదు. వ్యాపార ఖర్చుగా చూపించుకోగలిగినవాళ్లు కూడా అందులో లాబీయింగ్‌కి పోయిన వాటా తీసేయాలి. ఫౌండేషన్ డబ్బు స్కాలర్‌షిప్‌లు, పరిశోధన లాంటి పనులకే. దాన్ని తెచ్చి అసోసియేషన్ ఖర్చుల్లో కలిపేయడం కుదరదు. అంటే టోటల్ చూసి 'మన సంఘానికి ఇంత ఉంది' అనుకుంటే పప్పులో కాలేసినట్టే.

తర్వాత నేరుగా లిక్విడిటీ నోటుకి వెళ్లండి. 2016లో ఎఫ్‌ఏఎస్‌బీ (అమెరికాలో అకౌంటింగ్ రూల్స్ పెట్టే సంస్థ) రూల్ మార్చి, నికర ఆస్తుల్ని మూడు రకాల నుంచి రెండుకు తగ్గించింది: దాతల షరతు ఉన్నవి, లేనివి. ఏడాదిలోపు ఖర్చుకి చేతికి అందే సొమ్ము ఎంతో చెప్పే ఈ నోటు కూడా అప్పుడే తప్పనిసరైంది. బోర్డు తనంతట తాను రిజర్వు అని పక్కన పెట్టుకున్న డబ్బు ఇక్కడ విడిగా కనిపిస్తుంది. అది దాతల షరతు కాదు, బోర్డు ఇంకో తీర్మానం చేస్తే బయటికి వస్తుంది. 'ఆ డబ్బు ముట్టుకోవడానికి లేదండీ' అని ఏ అధ్యక్షుడైనా అంటే నమ్మకండి. డిసెంబరులో వచ్చిపడే వచ్చే ఏటి డ్యూస్ సంగతి దీనికి తిరగేసి. బ్యాంకులో ఉంటాయి గానీ ఇంకా ఆదాయం కాదు, అప్పుల వైపు కూర్చుంటాయి.

ఇక అసలు విషయం. మా వార్షిక సమావేశం హోటల్ బాల్‌రూమ్‌లో, బ్రేక్‌ఫాస్ట్ పూట పెట్టేవాళ్లు. తినగానే సగం మంది జారుకుంటారని తెలిసే పెట్టేవాళ్లని నా అనుమానం. ఒకసారి కోశాధికారి చకచకా స్లైడ్లు తిప్పేసి, క్లీన్ ఒపీనియన్ వచ్చింది, అంటే ఆడిటర్ ఏ అభ్యంతరమూ చెప్పలేదు అన్నాడు. చప్పట్లు. అప్పుడు రిటైరైన సభ్యుడొకాయన లేచాడు. చేతిలో రిపోర్టు ప్రింటు, చివరి పేజీ పైకి మడిచి ఉంది, ఒక అంకె చుట్టూ ఎర్ర పెన్నుతో గీసిన సున్నా. నోట్సన్నీ అయ్యాక ఆ రిపోర్టులో నాలుగు కాలమ్‌ల పట్టిక ఉండేది: అసోసియేషన్, ఫౌండేషన్, ఎలిమినేషన్స్, టోటల్. "ఫౌండేషన్ మనకు బాకీ అని ఉంది. పోయినేడూ ఉంది, ఇంతకంటే తక్కువ. అంతకుముందూ ఉంది. ఎప్పుడు తీరుస్తారు?" అన్నాడాయన. కోశాధికారి స్లైడ్ వెనక్కి తిప్పాడు, ముందుకి తిప్పాడు. ఏ స్లైడ్‌లోనూ అది లేదు. ఉండదు కూడా.

ఎందుకంటే ఆ ఫౌండేషన్‌కి సొంత ఉద్యోగులు లేరు. అసోసియేషన్ స్టాఫే ఆ పని కూడా చేస్తారు, వాళ్ల జీతాల్లో వాటా, ఆఫీసు అద్దెలో వాటా ఫౌండేషన్ పేరున బిల్లు వేస్తారు. అది కట్టదు, బాకీ పెరుగుతుంది. రెండు లెక్కలూ కలిపేటప్పుడు ఒకరికి రావాల్సింది, మరొకరు ఇవ్వాల్సింది కొట్టేయాలి, రూలే అది. ఆడిటర్ తప్పేం లేదు. కానీ టోటల్ కాలమ్‌లో బాకీ అన్నదే ఉండదు. నోట్సులో దానికి దక్కింది ఒక్క వాక్యం: 'రెండు సంస్థల మధ్య లావాదేవీలన్నీ తొలగించబడ్డాయి.'

తర్వాత బోర్డు ఆ బాకీని మాఫీ చేసి, ఫౌండేషన్‌కి గ్రాంటుగా చూపించింది. చట్టప్రకారం చేయొచ్చు. ఆ ఏడే డ్యూస్ పెంచారు. ఫౌండేషన్ గాలా డిన్నర్ మాత్రం యథావిధిగా జరిగింది, కొవ్వొత్తులతో సహా.

'ఆడిట్ అయింది కదా' అనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. లెక్కలు నిబంధనల ప్రకారం ఉన్నాయని ఆడిటర్ చెబుతాడు, డబ్బు తెలివిగా ఖర్చుపెట్టారని కాదు. ఇక్కడి మన తెలుగు సంఘాల్లో ఎన్నికలప్పుడు వాట్సాప్‌లో తెల్లవార్లూ కొట్టుకునే ఓపికలో పదో వంతు ఈ నోట్సు మీద పెడితే చాలు.

మీ రిపోర్టులో ఆ పట్టిక లేకపోవచ్చు, అది తప్పనిసరి కాదు. అప్పుడు రెండు సంస్థల ఫామ్ 990లూ (ఇలాంటి సంస్థలు ఏటా పన్నుల శాఖకి వేసే రిటర్నులు) అడగండి. వేర్వేరు సంస్థలు కాబట్టి ఎవరిది వాళ్లు విడిగా వేస్తారు, గత మూడేళ్లవి అడిగినవాళ్లకు చూపించి తీరాలి. అందులో షెడ్యూల్ ఆర్ అని ఉంటుంది, రెండింటి మధ్య జరిగిన లావాదేవీలు అక్కడ రాయాలి. మెయిల్‌లో అడగండి, ఫోన్‌లో వద్దు. ఫోన్‌లో అడిగితే 'చూసి చెబుతామండీ' అంటారు.