జీవితాన్ని చిత్రిక పట్టవచ్చా?

సందేహం: మాది బొబ్బిలి దగ్గర పల్లె. వడ్రంగం మా ఇంటి పని. ఈమధ్య గుండ్రటి బల్లలు, ఆర్చి గుమ్మాలు కావాలని ఎక్కువగా అడుగుతున్నారు. అందుకని వంపుల మీద నడిచే కంపాస్ ప్లేన్ ఒకటి తెప్పించుకుందామని చూస్తున్నాను. చెక్కను నున్నగా చేసే ఈ పనిముట్టును మా నాన్నగారు చిత్రిక అంటారు, విజయనగరం షాపులో ప్లేన్ అంటారు, హైదరాబాద్‌లో పనిచేసి వచ్చిన మా తమ్ముడు రందా అంటాడు. ఈ వంపు రకాలను తెలుగులో ఏమనాలి? ఇంకొక సంగతి. మా అమ్మాయి పేపర్లో ‘పల్లె బతుకును చిత్రిక పట్టిన కథలు’ అని చదివి, “బతుకును చిత్రిక పడితే నున్నగా అయిపోద్దేటి నాన్నా?” అని నవ్వింది. ఆ వాడుక సరైనదేనా?

సమాధానం: ముందు మీ అమ్మాయి ప్రశ్న తీసుకుంటాను. పుస్తక సమీక్షలు రాసేవాళ్లు ఎప్పుడో వేసుకోవాల్సిన ప్రశ్న అది. ‘చిత్రిక పట్టడం’ అంటే చెక్క మీద చిత్రికను నడిపి, ఎగుడుదిగుళ్లు తీసి నున్నగా చేయడం. చిత్రించడానికీ దీనికీ సంబంధం లేదు. పల్లె బతుకును కథల్లో చూపించారని చెప్పాలంటే ‘చిత్రించిన కథలు’ అంటే చాలు. ‘బతుకును చిత్రిక పట్టిన కథలు’ అంటే, పాపం, బతుకులోని గరుకంతా గీకి పారేసిన కథలని అర్థం. సమీక్షకుడు మెచ్చుకుందామనుకుని తిట్టినట్టయింది.

ఈ పొరపాటుకు కారణం లేకపోలేదు. నాటకం చిన్నదైతే నాటిక, పుస్తకం చిన్నదైతే పుస్తిక, గీతం పక్కన గీతిక, మాల పక్కన మాలిక మనకు అలవాటే. ఆ వరసలో చిత్రం పక్కన చిత్రిక పెడితే చిన్న బొమ్మ అని స్ఫురిస్తుంది. ఆ అర్థంలోనే కావాలని ఎవరైనా ‘స్మృతి చిత్రిక’ అని రాసుకుంటే నాకు పెద్ద పేచీ లేదు, కొత్తగా కట్టిన మాట అనుకుని ఊరుకుంటాను. కానీ పక్కన ‘పట్టు’ వచ్చి చేరిందా, అది వడ్రంగి చేతిలోని చిత్రికే. బొమ్మను గీస్తాం, వేస్తాం, దించుతాం. బొమ్మ పట్టం.

ఈ ‘పట్టు’ గురించి కాస్త చెప్పుకోవాలి. సాన పట్టడం, చిత్రిక పట్టడం, మరలో పిండి పట్టడం... వీటన్నిటిలోనూ పనిముట్టు ఒకటి ఉంది. పని ఒక్క దెబ్బతో అయ్యేది కాదు, అదే వస్తువు మీద మళ్లీ మళ్లీ సాగాలి. గొడ్డలికి ‘వేటు వేయడం’ ఉంది, రంపానికి ‘కోయడం’ ఉంది, సుత్తికి ‘కొట్టడం’ ఉంది, వాటికి ‘పట్టు’ రాదు. సానకు ‘పట్టడం’తో పాటు ‘పెట్టడం’ కూడా వినిపిస్తుంది గానీ చిత్రికకు ‘పట్టడం’ ఒక్కటే. ఇంకొకరి చేత చేయిస్తే ‘చిత్రిక పట్టించడం’.

అయితే సాహిత్యంలో ఈ మాటకు చోటే లేదా అంటే, ఉంది. ఏ వస్తువుకు చిత్రిక పడుతున్నామో చూసుకుంటే సరిపోతుంది. ‘రాసిన కథను నెలరోజులు చిత్రిక పట్టాడు’ అన్న వాక్యం చక్కగా ఉంది, కథ చెక్క స్థానంలో ఉంది కాబట్టి. ‘వాక్యాన్ని చిత్రిక పట్టడం తెలిసిన రచయిత’ అన్నా బాగుంటుంది. ‘అతని కథలు సమాజాన్ని చిత్రిక పట్టాయి’ అంటే మాత్రం చెక్క ఎక్కడ, పనిముట్టు ఎక్కడ అని వెతుక్కోవాలి.

దీనికి ఒక ఎదురుప్రశ్న వస్తుందని తెలుసు. “వాడుకలో ఉన్నదే భాష అని చెప్పిన గిడుగు రామమూర్తి పుట్టింది శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలోనే కదా, పదిమందీ వాడుతున్నారు కాబట్టి ఇదీ ఒప్పే అనరేం?” అని. వాడుక అంటే ఎవరి వాడుక అన్నదే ఇక్కడ తేల్చుకోవాల్సింది. చిత్రిక చేత్తో పట్టుకున్నవాళ్లు ఇప్పటికీ ఆ మాటను ఒకే అర్థంలో వాడుతున్నారు. దాన్ని ఎన్నడూ చూడని వాళ్లు, చెవికి ఇంపుగా ఉందని పట్టుకుపోయారు. ఈ రెండు వాడుకల్లో నేను మొదటిదాని పక్షం. వడ్రంగులు ఆ మాటను మరిచిపోయిన రోజున రెండోది దానంతటదే నెగ్గుతుంది, అప్పుడు నిఘంటువులో రాసుకుంటాం.

ఇక మీ పనిముట్టు పేరు. చిత్రిక, రందా రెండూ సరైనవే. రందా పారసీకం నుంచి ఉర్దూ, హిందీల మీదుగా వచ్చిన మాట. తెలంగాణలో అది ఇంటిమాటే, మీ తమ్ముణ్ణి దిద్దకండి. కొన్ని ప్రాంతాల్లో తోపడ అని కూడా అంటారు. తోసుకుంటూ నడిపేది కాబట్టి ఆ మాట వింటేనే పని కళ్లకు కడుతుంది. తమిళంలో దీన్ని ఇళైప్పుళి అంటారు, చివరనున్నది మన ఉలే. నిజానికి చిత్రికంటే ఏముంది, కొయ్య దిమ్మలో ఏటవాలుగా దిగ్గొట్టిన ఉలి! పదునంతా ఉలిది, అది ఎంత లోతుకు దిగాలో చెప్పేది మాత్రం దిమ్మ అడుగు. అడుగు ఎలా ఉంటే పని అలా సాగుతుంది. వంపు రకాలకు పేరు పెట్టేటప్పుడు ఈ సంగతే మనకు ఆధారం.

‘కంపాస్ ప్లేన్’ను మాటకు మాట తెలుగు చేయబోతే నవ్వులపాలవుతాం. కంపాస్ అనగానే బడిలో చదివిన వృత్తలేఖిని గుర్తొస్తుంది, ఓడలో వాడే దిక్సూచి గుర్తొస్తుంది. దిక్సూచి చిత్రిక అని పెట్టామంటే అది ఉత్తరం వైపు మాత్రమే నున్నగా చేస్తుందేమో అనుకుంటారు! అక్కడ ఆ మాటకు గుండ్రటి వంపు అనే అర్థం ఉంది. ఈ చిత్రిక అడుగు పల్చటి ఉక్కు రేకు. పైనున్న మర తిప్పితే ఆ రేకు విల్లులా ఒకవైపు ఉబ్బుతుంది, ఇంకోవైపు తిప్పితే లోపలికి వంగుతుంది. అమెరికా స్టాన్లీ కంపెనీ 113, 20 నంబర్లవి, ఇంగ్లండు రికార్డ్ కంపెనీ 020 నంబరుది పాత పనివాళ్లకు బాగా తెలిసినవి. దీన్ని ‘వంపు చిత్రిక’ అనండి చాలు. ‘వక్ర చిత్రిక’ వైరి సమాసమా (సంస్కృతం మాటకు తెలుగు మాట అతికించినదా) కాదా అని పండితులు కొట్టుకోవచ్చు, నాకు దానిమీద ఆసక్తి లేదు. పని మధ్యలో “ఒరేయ్, ఆ వక్ర చిత్రిక ఇలా తే” అని ఏ వడ్రంగీ అనడు. పరీక్షకు ఆ ఒక్కటి చాలు.

వంపుల్లోనూ రెండు జాతులున్నాయి, భౌతికశాస్త్రం పాఠంలో పుటాకారం, కుంభాకారం అని చదువుకున్నవి. పుటం అంటే దొప్ప, కుంభం అంటే కుండ. మీ ఊరి పక్కనే గొల్లపల్లిలో పనస మొద్దును తొలిచి వీణలు చేస్తారు కదా. 2011లో భౌగోళిక గుర్తింపు దక్కిన ఆ బొబ్బిలి వీణ కుండనే చూడండి, బయట కుంభం, లోపల పుటం! పాఠ్యపుస్తకం మాటలు ఒక్కసారి కొయ్యలో కనిపిస్తాయి. పని దగ్గర మాత్రం పైవంపు, లోవంపు అనుకోవడమే హాయి. లోవంపును ‘గుంట’ అందామా అంటే మీ దగ్గర కుదరదు. మిగతా చోట్ల గుంట అంటే గొయ్యి. మీ శ్రీకాకుళం, విజయనగరాల్లో గుంట అంటే ఆడపిల్ల, గుంటడు అంటే మగపిల్లాడు. ‘గుంట చిత్రిక’ అంటే పిల్లలు ఆడుకునే చిత్రిక అనుకుంటారు.

ఆ మాట వచ్చింది కాబట్టి, పేర్లు సరిగ్గా ఉండటం పనికి ఎలా కలిసొస్తుందో కూడా చెబుతాను. వంపు చిత్రిక అడుగు పొడవు వెంట మాత్రమే వంగుతుంది. అడ్డంగా చూస్తే చదునే, దాని ఉలి అంచు కూడా తిన్ననిదే. ఆర్చి గుమ్మం చెక్కకూ, గుండ్రటి బల్ల అంచుకూ అది సరిపోతుంది, అక్కడ వంపు ఒకవైపే ఉంటుంది గనక. కుర్చీ పీట మధ్యలోని పల్లం, వీణ కుండ లోపలి భాగం అలా కాదు, నిలువుగానూ అడ్డంగానూ రెండువైపులా వంగి ఉంటాయి. అక్కడ వంపు చిత్రిక పెడితే ఉలి రెండు మూలలూ చెక్కలో దిగబడి గీతలు పడతాయి. అలాంటి చోటికి అడుగు రెండువైపులా ఉబ్బి, ఉలి అంచు కూడా చంద్రవంకలా ఉన్నది కావాలి. దీన్ని ‘బొజ్జ చిత్రిక’ అనవచ్చు. వయొలిన్ చేసేవాళ్లు రెండు వేళ్ల మధ్య పట్టుకుని నడిపే బుల్లి ఇత్తడి చిత్రికలు వాడతారు, ఫింగర్ ప్లేన్ అంటారు. పిల్లకాలువ, పిల్లబాట అన్నట్టు దానికి ‘పిల్లచిత్రిక’ అచ్చంగా అతుకుతుంది. రెండు పక్కలా పిడులుండే స్పోక్‌షేవ్ పేరు బండిచక్రం ఆకులను చెక్కడం నుంచి వచ్చింది. మన చక్రానికి ఉన్నవీ ఆకులే కాబట్టి ‘ఆకుల చిత్రిక’ అనాలని మొదట అనిపిస్తుంది గానీ, ఈ కాలంలో ఆకులంటే చెట్టువే గుర్తొస్తాయి. ‘జంటపిడి చిత్రిక’ అంటే చూడగానే పోల్చుకుంటారు.

ఇవన్నీ నా సూచనలే. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటి, వ్యవసాయ పదాలది, 1962లో వెలువడింది. దానికి ఆయన పాటించిన పద్ధతి, మాటల కోసం పనివాళ్ల దగ్గరికే వెళ్లడం. మీ నాన్నగారిని, గొల్లపల్లిలో వీణ చేసే పెద్దలను అడగండి. వాళ్ల దగ్గర వేరే పేరుంటే నేను చెప్పింది పక్కన పెట్టి అదే వాడండి, నాకూ రాయండి.

కొనే విషయంలో భాషాపరంగా చెప్పగలిగింది ఒకటుంది. ఆన్‌లైన్‌లో వెతికేటప్పుడు ‘వంపు చిత్రిక’ అని కొడితే ఏమీ రాదు. కంపాస్ ప్లేన్ అనో, సర్క్యులర్ ప్లేన్ అనో వెతకండి. రెండూ ఒకటే, రెండు వేర్వేరు వస్తువులనుకుని రెండూ కొనేయకండి. పాతది దొరికితే ముందు అడుగు రేకుకు చీలిక ఉందేమో, మర రెండువైపులా చివరిదాకా తిరుగుతోందో లేదో చూసుకోవాలి. తుప్పు పట్టినా వదులుతుంది, రేకు విరిగితే దానికి మందు లేదు. బొజ్జ చిత్రిక కోసం డబ్బు పెట్టనక్కర్లేదు. మూలన పడ్డ పాత కొయ్య చిత్రిక ఉంటే దాని అడుగునే గుండ్రంగా చెక్కుకుని, ఉలి అంచును అదే వంపుకు నూరుకోవచ్చు. లోవంపు పనికి చిత్రిక అడుగు వంపు, చెక్క వంపుకన్నా పిసరంత ఎక్కువుండాలి. తక్కువైతే రెండు కొసలే చెక్కకు తగిలి మధ్యలో ఉలి గాలిలో తేలుతుంది, ఎంత తోసినా పొట్టు రాలదు.

మాటల్లో ‘ఎదురు’ అనేది మనకు ఎన్నో చోట్ల ఉంది, ఎదురీత, ఎదురుగాలి, ఎదురుదెబ్బ. మీ పనిలో ఎదురు నార, అంటే చెక్క పోగులకు ఎదురుగా చిత్రిక నడవడం. లోవంపులో రెండు కొసల నుంచీ మధ్య పల్లంలోకి దిగాలి, పైవంపులో మధ్య మిట్ట నుంచి రెండు కొసలకూ దిగాలి. ఎటు చూసినా దిగడమే. ఎక్కబోతే నార ఎదురై పెచ్చు లేస్తుంది. పనస చెక్క ఆ పెచ్చును దాచదు, పాలిష్ వేశాక ఇంకా స్పష్టంగా కనబడుతుంది. మీకు తెలియని సంగతి కాదు. మీ అమ్మాయికి ఆ ఇంగ్లీషు వీడియోల్లోని ‘ఎగైనెస్ట్ ద గ్రెయిన్’కు తెలుగు కావాల్సి వస్తే ‘ఎదురు నార’ అని చెప్పండి. ‘ధాన్యానికి వ్యతిరేకంగా’ అని మాత్రం ఫోన్‌లోని అనువాదం చెబితే నమ్మొద్దనండి.