జ్ఞానస్నానానికి సిద్ధమవుతున్న అమ్మాయికి పిన్ని ఉత్తరం

చిరంజీవి తల్లికి, పిన్ని దీవెనలు.

నువ్వు జ్ఞానస్నానం తీసుకుంటానన్నావని నాకు ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. కానీ "వచ్చే ఈస్టర్‌కే అయిపోవాలి పిన్నీ" అన్నావు చూడు, ఆ తొందర మాత్రం వద్దు.

ముందు ఒకటి తేల్చుకో. ఇది పెళ్ళి కోసమే అయితే నువ్వు మారక్కర్లేదు. జ్ఞానస్నానం లేని అమ్మాయిని కతోలిక అబ్బాయి చేసుకోవడానికి పీఠాధిపతుల (బిషప్ గారి) అనుమతి దొరుకుతుంది. తన విశ్వాసం వదలనని, పిల్లలకు జ్ఞానస్నానం ఇప్పించడానికి చేతనైనంత చేస్తానని అబ్బాయి మాట ఇవ్వాలి, అంతే. నువ్వు మారి తీరాలని అత్తింట్లో ఎవరైనా అంటే మొహమాటపడకుండా ఫాదర్ గారికి చెప్పు. పెద్దవాళ్ళకు వాళ్ళంతట వాళ్ళు కోరుకుంటేనే జ్ఞానస్నానం ఇవ్వాలన్నది శ్రీసభ (కతోలిక చర్చి) చట్టం.

ఇంకో సంగతి దాచకూడదు. నువ్వు గ్రూప్స్‌కి చదువుతున్నావు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి వచ్చిన మనవాళ్ళకు ఎస్సీ హోదా ఉండదు, మన రెండు రాష్ట్రాల్లోనూ బీసీ-సీలోకి వెళ్తారు. ఇది అన్యాయమని నా గట్టి అభిప్రాయం. భయంతో విశ్వాసం దాచుకుని బతికేవాళ్ళను నేను తప్పుపట్టను. అయినా నువ్వు అన్నీ తెలుసుకునే అడుగు వెయ్యాలి.

ఇక చదువు సంగతి. పరలోక జపం, మంగళవార్త జపం, విశ్వాస సంగ్రహం నెమ్మదిగా వచ్చేస్తాయి, వాటికి టెన్షన్ పడకు. అసలు పని ఆదివారం పూజకు మానకుండా వెళ్ళడం. అందరూ సత్ప్రసాదానికి, అంటే క్రీస్తు శరీరంగా ఇచ్చే అప్పం అందుకోవడానికి, లేచి వెళ్తుంటే నువ్వు బెంచీలోనే కూర్చోవాలి. మొదట్లో సిగ్గుగా, వెలివేసినట్టుగా ఉంటుంది. ఉండనీ. ఎదురుచూసి అందుకున్నదాని విలువ ఆ రోజు నీకే తెలుస్తుంది.

మనసులో ఉన్న ప్రశ్న ఒక్కటీ మింగెయ్యకు. బొట్టు పెట్టుకోవచ్చా, అమ్మ ఇచ్చే ప్రసాదం తినొచ్చా, పాపసంకీర్తనంలో మన పాపాలు గురువుకు (ఫాదర్‌కు) ఎందుకు చెప్పుకోవాలి, అన్నీ అడుగు. ఈస్టర్‌కు ముందు వచ్చే తపస్సుకాలంలో మూడో ఆదివారం, జ్ఞానస్నానానికి సిద్ధపడే మీకోసం ప్రత్యేకంగా ప్రార్థన చేసి, యోహాను సువార్తలోని సమరియ స్త్రీ కథ చదువుతారు. నాలుగో ఆదివారం పుట్టుగుడ్డి కథ, ఐదో ఆదివారం లాజరు కథ. నాకు మాత్రం సమరియ స్త్రీ అంటేనే ప్రాణం. "అయ్యా, చేద లేదు, బావి చూస్తే లోతు, నీళ్ళెక్కడి నుంచి తెస్తావు" అని నిలదీసింది. మన పితరుడు యాకోబు కంటే గొప్పవాడివా అని కూడా అడిగింది. యేసు ఒక్క ప్రశ్నకైనా విసుక్కోలేదు. పెద్ద వయసులో వచ్చేవాళ్ళకు ఆ కథ ఎందుకు చదువుతారో నువ్వే ఆలోచించు.

పెద్దవాళ్ళను ఇలా మెట్టుమెట్టుగా సిద్ధం చేసే ఈ పద్ధతి తొలి శతాబ్దాల నాటిది. తర్వాత మరుగునపడితే బిషప్పులందరి రెండో వాటికన్ మహాసభ తిరిగి తెచ్చింది, 1972లో కొత్త క్రమం వచ్చింది. అందుకే పాస్కా జాగరణ రాత్రి, అంటే ఈస్టర్ ముందు రాత్రి, జ్ఞానస్నానం, భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్), సత్ప్రసాదం మూడూ ఒకేసారి ఇస్తారు. అంతకుముందు పాపసంకీర్తనం అక్కర్లేదు, జ్ఞానస్నానంతోనే పాపాలన్నీ పోతాయి. నీతో వస్తున్న లూథరన్ చర్చి అమ్మాయికి మళ్ళీ జ్ఞానస్నానం ఉండదు. తండ్రి, కుమార, పవిత్రాత్మల త్రిత్వం పేరిట నీళ్ళతో ఒకసారి పొందింది కాబట్టి అదే చెల్లుతుంది. తను పాపసంకీర్తనం చేసి, విశ్వాసం ప్రకటించి, మిగతావి అందుకుంటుంది.

మీ అమ్మతో వాదం పెట్టుకోకు. ఫిబ్రవరిలో గుణదల కొండెక్కి మరియమ్మకు కొబ్బరికాయ కొట్టిన మనిషే మా అక్క. ఆమె భయం దేవుడి గురించి కాదు, కూతురు దూరమైపోతుందేమోనని. పండక్కి ఇంటికి వెళ్ళు, వంటింట్లో సాయం చెయ్యి, ఆమె దేవుడి గదిని నువ్వు సర్దకు. వ్రతాల్లో కూర్చోవాలా వద్దా అన్నది ముందే ఫాదర్ గారితో మాట్లాడుకుని, అమ్మకు నెమ్మదిగా నువ్వే చెప్పు. పక్కవాళ్ళ నోటి నుంచి వినాల్సిన గతి ఆమెకు పట్టనివ్వకు.

నీ జ్ఞానస్నానానికి జ్ఞానతల్లిగా (గాడ్‌మదర్‌గా) నన్ను నిలబడమన్నావు. నాకూ ఆశే. కానీ నేను గుంటూరులో, నువ్వు హైదరాబాద్‌లో. ప్రతి ఆదివారం పక్కన కూర్చుని, పూజ అయ్యాక నీ మాట వినే మనిషి కావాలి. పదహారేళ్ళు నిండి, భద్రమైన అభ్యంగనం పొంది, విశ్వాసంలో నడుచుకునే కతోలికురాలు ఎవరైనా సరే. మీ విచారణలోనే (పారిష్‌లోనే) అలాంటి పెద్దావిడను చూపించమని ఫాదర్ గారిని అడుగు. ఆ రాత్రికి నేను ఎలాగూ వస్తాను.

ఈ ఆదివారం ఆయన్ని కలిసి, ఏమన్నారో సాయంత్రం ఫోన్ చెయ్యి.

మీ పిన్ని